బావిలో సగం హక్కు: ఒక సెల్లారు తవ్వకం కథ

పద్నాలుగు అంతస్తుల భవనం గురించి రాస్తున్నాను గానీ, ఇందులో ఎక్కువ భాగం పక్కింటి వంటింటి గోడ గురించే ఉంటుంది. అది ముందే చెప్పేస్తే మంచిది.

నేను పునాదులు, లోతు తవ్వకాల డిజైన్ చేసే ఇంజనీర్‌ని. ఈ పనిలో బిల్డర్ తరఫున కన్సల్టెంట్‌ని. ఊరు హైదరాబాద్ అని చెప్పక తప్పదు. ఇక్కడి రాయి, ఇక్కడి నీళ్ళు తెలియకపోతే కేసు అర్థం కాదు. పేట పేరు, కంపెనీ, ఏడాది వదిలేశాను. కొలతలు ఒకటి రెండు చోట్ల అటూ ఇటూ మార్చాను, లెక్క మారనంత వరకే.

సైటు

రెండువేల ఆరువందల గజాల స్థలం. ముందు ఎనభై అడుగుల రోడ్డు, మిగతా మూడు వైపులా ఇళ్ళు. మూడు సెల్లార్లు, గ్రౌండు, దాని మీద 13 అంతస్తులు, అంతస్తుకు నాలుగు ఫ్లాట్లు. ఎత్తు 45 మీటర్లకు కాస్త లోపు. నేషనల్ బిల్డింగ్ కోడ్ 15 మీటర్ల నుంచే హైరైజ్ అంటుంది కాబట్టి ఇది హైరైజే. కానీ ఎత్తైన భవనాలకు ప్రత్యేకంగా వచ్చిన ఐఎస్ 16700 కోడ్ 50 మీటర్లు దాటాకే మొదలవుతుంది. మేం వాడిన కోడ్ ప్రకారం హైదరాబాద్ భూకంపాల లెక్కలో రెండో జోన్, అంటే అన్నిటికన్నా తక్కువ ప్రమాదం ఉన్నది. గాలి వేగం సెకనుకు 44 మీటర్లు తీసుకుంటాం. పై భవనం డిజైన్ చేసినాయనకు పెద్ద టెన్షన్ లేదు. టెన్షన్ అంతా నేల కిందే.

తవ్వాల్సిన లోతు పదకొండున్నర మీటర్లు. నేల పరీక్ష కోసం నాలుగు మూలల్లో నాలుగు, మధ్యలో ఒకటి బోర్లు వేయించాం. పైన మీటరున్నర పోసిన మట్టి, దాని కింద మూడు మీటర్ల మొరం, తర్వాత పారతో కాదు గానీ బకెట్ పళ్ళతో గీకితే ఊడే మెత్తరాయి. ఏడో మీటరు దగ్గర షీట్ రాక్, అంటే గట్టి బండ, తగిలింది. దాదాపు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైట్ అది. భవనం నిలబెట్టడానికి ఇంతకన్నా మంచి నేల దొరకదు, తవ్వడానికి ఇంతకన్నా మొండి నేల ఉండదు.

పడమటి ఇల్లు పాతది. గోడల మీదే బరువు నిలిచే ఇల్లు, కాలమ్‌లు లేవు. వెనక వంటిల్లు తర్వాతెప్పుడో కలిపారు, మన ప్రహరీకి మీటరు దూరంలో. మన వైపు సెల్లారు గోడ ప్రహరీకి నాలుగు మీటర్లు వదిలి వస్తుంది. పని చేసుకోవడానికి ఒక మీటరు తీసేస్తే తవ్వకం అంచు ప్రహరీకి మూడు మీటర్ల దూరం. అంటే వంటింటి గోడకూ పదకొండున్నర మీటర్ల గుంతకూ మధ్య నాలుగు మీటర్ల నేల ఉంది.

తవ్వకం మొదలుకాక ముందే చుట్టుపక్కల ఇళ్ళన్నీ ఫోటోలు తీయించాం. ఏ గోడకు ఏ బీట ముందు నుంచి ఉందో తేదీతో సహా రికార్డు ఉండాలి. పడమటి ఇంట్లో ముందు గదులు, మేడ మీద, బయటి గోడలు అన్నీ తీశారు. వంటింటి దగ్గరికొచ్చేసరికి ఆ ఇంటి అమ్మ మడిలో ఉన్నారు, తర్వాత రమ్మన్నారు. మా పిల్లలు తర్వాత వెళ్ళలేదు. రిపోర్టులో 'వంటిల్లు: అనుమతి లేదు' అని ఒక లైను రాసి పెట్టారు. నేను సంతకం పెట్టాను.

పడమటి వైపు గోడ, ఎందుకలా

తవ్వకం అంచు నిలబెట్టడానికి చవకైన పద్ధతి సాయిల్ నెయిలింగ్. తవ్వుతూ పోతూ ఇనుప కడ్డీలు అడ్డంగా నేలలోకి దింపి, వల కట్టి, షాట్‌క్రీట్ (పైపుతో చిమ్మే కాంక్రీట్) కొడతాం. రోడ్డు వైపూ, ఖాళీ జాగా ఎక్కువున్న తూర్పు వైపూ అదే చేశాం. పడమట చేయలేదు, ఎందుకంటే ఆ కడ్డీలు పక్కింటి కిందికి పోతాయి. వాళ్ళను అడగొచ్చు, కానీ అడిగితే ఒప్పుకోరని బిల్డర్, అడక్కుండా వేయనని నేను. చివరికి పడమట 600 మిల్లీమీటర్ల పైల్స్, అంటే నేలలోకి దింపే కాంక్రీట్ స్తంభాలు, వరసగా వేసి, వాటిని షీట్ రాక్‌లో మీటరున్నర దింపి, పైన క్యాపింగ్ బీమ్‌తో కట్టేశాం. పైలుకూ పైలుకూ మధ్య సందులో వల, షాట్‌క్రీట్.

ఆ షాట్‌క్రీట్‌లో వీప్ హోల్స్, అంటే నీళ్ళు కారిపోయే రంధ్రాలు, పెట్టించాం. గోడ వెనక నీళ్ళు నిలిస్తే మట్టి తోసే బలానికి నీటి బలం తోడవుతుంది. ఏడు మీటర్ల ఎత్తున ఊరికే నిలబడ్డ పైల్స్‌కు అది మామూలు భారం కాదు. నీళ్ళకు దారిస్తే ఆ భారం ఉండదు. పుస్తకంలో ఉన్నదే, నేను ముప్ఫై సైట్లలో చేసిందే. రెండంగుళాల పీవీసీ పైపు ముక్కలు, మీటరున్నరకొకటి. వాటి వెనక జల్లెడలాంటిదేమీ పెట్టలేదు. మొరంలో అవసరం పడదని అనుకున్నాను. మొరమే అయితే పడదు కూడా.

ఇక రాయి. ఇళ్ళ మధ్య పేలుళ్ళు కుదరవు కాబట్టి బ్రేకర్లే, అంటే రాయిని కొట్టి పగలగొట్టే యంత్రాలే. వాటి అదురు పక్క గోడలకు ఎంత చేరుతుందో కొలవాలి. మనకు నగర నిర్మాణాలకని విడిగా ఒక కొలబద్ద వాడుకలో లేదు. గనుల భద్రతా శాఖ 1997లో పేలుళ్ళ గురించి ఇచ్చిన సర్క్యులర్ పట్టికనే అందరం తిప్పి తిప్పి వాడతాం. మామూలు ఇళ్ళకు అందులో అన్నిటికన్నా కట్టుదిట్టమైన హద్దు సెకనుకు 5 మిల్లీమీటర్లు. దాన్నే పెట్టుకున్నాం. అదురు కొలిచే యంత్రాన్ని పడమటి ఇంటి వరండా మెట్టు మీద బిగించాం. ప్రహరీ వెంట దగ్గర దగ్గరగా రంధ్రాల వరస కూడా వేయించాం, అదురు అక్కడే తెగుతుందని. పని ఉదయం 8 నుంచి సాయంత్రం 6 వరకే. రాత్రి 10 దాటితే నివాస ప్రాంతంలో 45 డెసిబెల్స్ మించి మోత ఉండకూడదని నిబంధన. బ్రేకర్‌తో ఆ హద్దులో ఉండటం ఎవరి తరమూ కాదు.

బీట

ఆరో వారంలో పడమటి ఇంటి పెద్దాయన సైటు గేటు దగ్గరికొచ్చి నిలబడ్డారు. అరవలేదు. 'ఒక్కసారి వచ్చి చూడుండ్రి' అన్నారు.

వంటింటి కిటికీ మూల నుంచి ఐమూలగా పైకి పోయిన బీట. గోరు దూరేంత. కింద పొయ్యి గట్టు దగ్గర టైల్స్ మధ్య సందు తెరుచుకుంది. ఎప్పటిదని అడిగితే ఆ అమ్మ, 'మీరు తవ్వినప్పటి నుంచే' అన్నారు. పాతదేనని మా సైట్ ఇంజనీర్ గొంతు పెంచాడు. కొత్తదని గానీ పాతదని గానీ చూపించడానికి ఫోటో లేదు. నేను సంతకం పెట్టిన ఆ ఒక్క లైనే గుర్తొచ్చింది.

మరుసటి రోజు రీడింగుల కాగితాలు పట్టుకుని వెళ్ళాను. నెలన్నరలో ఒక్కసారి కూడా 2 మిల్లీమీటర్లు దాటలేదు. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని అన్నీ ఓపిగ్గా చూశారు. 'మీ మిషన్ మంచిగనే ఉన్నది సార్. నా గోడనే మంచిగ లేదు.'

సాయంత్రానికి గల్లీలో జనం పోగయ్యారు, పని ఆగింది. ఆ రెండు రోజుల సంగతి ఇక్కడ అనవసరం.

మొదట చేసినవి

రీడింగులు తక్కువున్నా అందరి అనుమానం అదురు మీదే. నాదీ అదే. ఎందుకంటే అదురు చెవికి వినిపిస్తుంది, కాలికి తెలుస్తుంది. వరండా మెట్టు మీద తక్కువున్నది వంటింట్లో ఎక్కువుందేమో అనుకుని రెండో యంత్రం తెచ్చి వంటింటి గోడ మొదట్లో పెట్టాం. అక్కడా తక్కువే. అయినా పెద్ద బ్రేకర్ తీసేసి చిన్నది పెట్టాం. పడమటి అంచు నుంచి ఆరు మీటర్ల వరకు బ్రేకరే వద్దని, రాయిలో రంధ్రాలు వేసి ఉబ్బే పొడి కలిపి పోసి, రాత్రికి రాత్రి అదే పగిలేలా చేశాం. రోజుకు ముప్ఫై టిప్పర్లు వెళ్ళే చోట పన్నెండు వెళ్ళడం మొదలైంది. బిల్డర్ రోజూ సాయంత్రం ఫోన్ చేసి టిప్పర్ల లెక్క అడిగేవాడు.

బీట మీద నాలుగు చోట్ల గాజు పలకలు ప్లాస్టర్‌తో అతికించాం. పాత పద్ధతి, కానీ మోసం చేయదు. గోడ కదిలితే గాజు పగులుతుంది. పక్కన తేదీ రాయించి, పెద్దాయన చేత సంతకం పెట్టించుకున్నాం. ఆయనకు ఆ యంత్రం మీదకన్నా ఈ గాజు ముక్కల మీదే నమ్మకం కుదిరింది.

మూడు వారాలు ఇలా గడిచాయి. దసరాకు ఆపరేటర్లు, కూలీలు ఊళ్ళకు వెళ్ళారు. మూడు రోజులు సైటులో హిటాచీ లేదు, బ్రేకర్ లేదు, కంప్రెసర్ లేదు. వాచ్‌మన్, నీళ్ళు తోడే మోటారు నడిపే అబ్బాయి, ఇద్దరే ఉన్నారు.

పండగ మర్నాడు ఫోన్ వచ్చింది. నాలుగు గాజుల్లో మూడు పగిలాయి.

ఆ ఫోన్ వచ్చాక కొంతసేపు ఊరికే కూర్చున్నాను. అదురే కారణమైతే అదురు లేని మూడు రోజుల్లో గోడ కదలకూడదు. ఆ మూడు రోజులూ సైటులో ఆగకుండా నడిచింది ఒక్కటే, మోటారు. ఇన్నాళ్ళూ యంత్రం పెట్టి కొలిచింది మేం భయపడ్డదాన్ని. భయపడనిదాన్ని ఎవరూ కొలవలేదు.

బకెట్

మోటారు అబ్బాయిని అడిగాను, పడమటి గోడ నుంచి నీళ్ళు ఎలా వస్తున్నాయని. 'పొద్దున పొద్దున ఎర్రగా వస్తయ్ సార్. సూపర్‌వైజర్ సార్‌కు చెప్పిన.' సూపర్‌వైజర్‌ని అడిగితే, తవ్వకంలో నీళ్ళు ఎర్రగా కాక తెల్లగా ఉంటాయా అన్నాడు. అతన్ని తప్పు పట్టలేను. రోజూ గుంతలోకి దిగేవాణ్ణి నేను, ఆ ఎరుపు నాకూ కనిపించింది.

పడమటి వైపు కింది వరసలో మూడు వీప్ హోల్స్ మాత్రమే బాగా పారుతున్నాయి. మూడింటినీ కలిపి 20 లీటర్ల బకెట్‌లోకి పట్టాం. 40 సెకన్లకు నిండింది. అంటే సెకనుకు అర లీటరు, రోజుకు 43 వేల లీటర్లు. బకెట్‌ను కదపకుండా మర్నాటి దాకా ఉంచి, తేరిన నీళ్ళు వంపేసి, అడుగున మిగిలిన ఒండ్రు ఎండబెట్టి తూచాం. 40 గ్రాములు. గుప్పెడైనా లేదు. సూపర్‌వైజర్ నవ్వాడు కూడా.

లీటరుకు 2 గ్రాములు. రోజుకు 43 వేల లీటర్లంటే 86 కిలోలు. నీళ్ళు మొదలైన దగ్గర్నుంచి ఆరు వారాలు. దాదాపు మూడున్నర టన్నుల మట్టి. ఘనపరిమాణంలో రెండు ఘనపు మీటర్లు పైచిలుకు. ట్రాక్టర్ ట్రాలీలో ముప్పాతిక వంతు మట్టిని ఆ ఇంటి వైపు నుంచి మోటారు పెట్టి తోడి మోరీలో పోశాం మేమే.

ఇక రెండో ప్రశ్న. మొరం అంత మట్టి వదలదు. దాని గింజలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. మరి ఇది ఎక్కడిది? ఎండిన ఒండ్రును కాగితం మీద పరిచి చూస్తే అందులో ఇటుక పొడి ఉంది, బొగ్గు నలుసులున్నాయి, గోరంత కుండ పెంకు ఒకటి ఉంది. అది నేలలో పుట్టిన మట్టి కాదు, మనుషులు పోసింది. పోసిన మట్టి మా బోర్లలో మీటరున్నర దాకే కనపడింది. ఈ నీళ్ళు వచ్చేది ఆరు మీటర్ల లోతు నుంచి. ఆరు మీటర్ల కింద పోసిన మట్టి ఉందంటే, ఒకప్పుడు అక్కడ ఆరు మీటర్ల గుంత ఉండాలి.

పాత హైదరాబాద్‌లో అలాంటి గుంతకు ఒకే పేరు.

1908 మూసీ వరద తర్వాత ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో కట్టారు. అక్కణ్ణుంచి కుళాయి నీళ్ళు పేట పేటకూ మెల్లగా చేరాయి. అంతకు ముందు, చాలా చోట్ల ఆ తర్వాత కూడా, పెరటి బావే దిక్కు. కుళాయి వచ్చాక, బోరు వచ్చాక బావిలో చెత్త పడటం మొదలైంది, ఎవరో ఒకరు పాత ఇల్లు పడగొట్టిన శిథిలాలతో పూడ్చేశారు, దాని మీద ఏదో ఒకటి కట్టుకున్నారు. ఈ సంగతి నాకు కొత్త కాదు. మన ప్లాట్‌లో బావి ఉందా అని స్థలం అమ్మినవాళ్ళను అడిగాం కూడా. లేదన్నారు. పక్క ప్లాట్ గురించి అడగాలని తట్టలేదు.

పెద్దాయన ఆ ఇల్లు 1980ల్లో కొన్నారట, అప్పటికే వంటిల్లు ఉంది. ఆయనకూ తెలియదు. అప్పుడు బిల్డర్ లాయర్ దగ్గరికి వెళ్ళి మన స్థలం లింక్ డాక్యుమెంట్లు, అంటే చేతులు మారినప్పటి పాత దస్తావేజులు, అడిగాను. టైటిల్ కోసం లాయర్లు ముప్ఫై నలభై ఏళ్ళ వెనక్కి పోయి అన్నీ చదువుతారు. కట్టేవాళ్ళం మేం ఒక్కటీ చదవం. ఆ కట్టలో అడుగున 1960ల నాటి ఉర్దూ దస్తావేజు ఒకటి ఉంది. గుమాస్తా చదివి చెప్పాడు. హద్దుల్లో తూర్పు, దక్షిణం, ఉత్తరం మామూలే. పడమర దగ్గర అతని వేలు ఆగింది. పక్కింటివారితో ఉమ్మడి బావి, అందులో సగం హక్కు.

ఆ కాగితం నేల పరీక్షకన్నా ముందు నుంచీ మన ఫైల్లోనే ఉంది.

మన ప్రహరీ లోపల నుంచి సన్నటి డ్రిల్ పెట్టి వెతికాం. మూడో రంధ్రంలో నాలుగు మీటర్ల దగ్గర కడ్డీ చేతిలోంచి జారినట్టు అర మీటరు దిగిపోయింది. అన్నీ కలిపి గీస్తే దాదాపు నాలుగు మీటర్ల వెడల్పు బావి. మీటరున్నర మన వైపు, మిగతాది వాళ్ళ వైపు. వంటింటి వెనక గోడ సరిగ్గా బావి మీద కూర్చుంది. మా పైల్స్ వరస ఆ ఒరకు మీటరున్నర దూరంలో పోయింది, బోర్లు ఇంకా దూరంలో. అందుకే ఏదీ దానికి తగల్లేదు.

బెడిసికొట్టినవి రెండు

కారణం దొరికిందన్న తొందరలో మొదటి పని, ఆ మూడు వీప్ హోల్స్ మూసేయడం. మట్టి పోతోంది కాబట్టి దారి మూస్తే సరి అనిపించింది. రెండు రాత్రులకు పైల్స్ తల 9 మిల్లీమీటర్లు గుంత వైపు జరిగింది. వెనక నీళ్ళు నిండుతున్నాయి, బావి మళ్ళీ బావి అవుతోంది. దానికి తోడు కింద రాతి పగుల్లోంచి కొత్త ఊట మొదలైంది, ముందుకన్నా ఎర్రగా. మూడో రోజు పొద్దున్నే తెరిపించేశాను. ఏ లెక్కతో ఆ రంధ్రాలు పెట్టానో ఆ లెక్కను నేనే కాలదన్నాను. కంగారులో ఉన్నప్పుడు మన డిజైన్ మనకే గుర్తుండదు.

రెండోది గ్రౌటింగ్, అంటే సిమెంట్ పోసి నేలలో ఖాళీలు నింపడం. పై నుంచి పైపు దింపి పల్చటి సిమెంట్ పాలు పోయించాం. అరవై బస్తాలు మింగింది. మర్నాడు సంపులో నీళ్ళు బూడిద రంగులో ఉన్నాయి. పారే నీళ్ళలో పోసిన సిమెంట్ గట్టిపడేదాకా ఆగదు, నీళ్ళతో పాటే పోతుంది. నీళ్ళ సంగతి చూడకుండా ఖాళీ నింపబోవడం నా తప్పు. బిల్డర్ ఆ అరవై బస్తాల సంగతి ఇప్పటికీ ఎత్తుతాడు.

నిలబడ్డది

మళ్ళీ మొదటికొచ్చి ఆలోచించాను. నీళ్ళు రావాలి, మట్టి రాకూడదు. ఇవి రెండు వేర్వేరు సంగతులు. వీప్ హోల్స్ చుట్టూ షాట్‌క్రీట్ కోసి, సన్నటి చీలికలున్న పైపులకు నీళ్ళు వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ రెండు చుట్లు చుట్టి, వెనక్కి రెండు మీటర్లు దింపి, చుట్టూ సన్న కంకర కూరాం. మొదటి రోజు ఎర్రగానే వచ్చాయి. నాలుగో రోజుకు బకెట్ అడుగు కనిపించింది. నీళ్ళ వేగం ముందంతే, ఒండ్రు లేదు. అప్పటి నుంచి రోజూ పొద్దున ఒక బకెట్ పట్టి, అడుగు ఫోటో తీసి గ్రూపులో పెట్టడం మోటారు అబ్బాయి డ్యూటీ. ఆ పనికి సూపర్‌వైజర్‌ని పెట్టలేదు.

మోటారును కూడా పగ్గం వేసి నడిపాం. రాత్రికి రాత్రి గుంత ఎండిపోవాలని పెద్ద మోటారు పెడితే నీటిమట్టం ఒక్కసారిగా పడిపోతుంది, వేగంగా పారే నీరు మట్టిని లాక్కొస్తుంది. చిన్నది పెట్టి రోజుకు ఇంత అని దింపాం.

తర్వాతే గ్రౌట్. ఈసారి ఇసుక, బెంటొనైట్ బంకమట్టి కలిపిన చిక్కటి గ్రౌట్, బావి అడుగు నుంచి పైకి, దశలవారీగా, తక్కువ ఒత్తిడితో. ఒత్తిడి పెంచితే తొందరగా నిండుతుంది, కానీ వంటింటి నేల పైకి లేస్తుంది. అందుకే నేల మీద డయల్ గేజ్ పెట్టి ఒకే నియమం పెట్టుకున్నాం: ముల్లు రెండు మిల్లీమీటర్లు లేస్తే ఎవర్నీ అడక్కుండా పంపు ఆపేయడం. మొత్తం ఐదు ఘనపు మీటర్లు పట్టింది. బకెట్ లెక్కకు రెట్టింపు పైనే, ఎందుకంటే ఆ పూడిక మొదట్నుంచీ గుల్లే. మేం తోడింది దానికి తోడైంది, అంతే. ఈ మాట పెద్దాయనకు చెప్పాలా వద్దా అని బిల్డర్‌కూ నాకూ గట్టి వాదన జరిగింది. చెబితే, సగం తప్పు మీ పాత బావిదే అని తప్పించుకుంటున్నామనుకుంటారని అతని భయం. చెప్పకపోతే రేపు వేరే ఇంజనీర్ వచ్చి చెబుతాడని నా భయం. చెప్పాం. ఆయన విని, 'అంటే ఇరవై ఏండ్ల తర్వాత పడేది ఇప్పుడే పడ్డదంటరు' అన్నారు. నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు.

వంటింటి గోడకు విడిగా ఆధారం కావాలి. పూడ్చిన బావి మీద నమ్మకం పెట్టి వదిలేయలేం. గోడకు అటు నాలుగు, ఇటు నాలుగు 150 మిల్లీమీటర్ల మైక్రో పైల్స్ రాయిలోకి దింపి, మధ్యలో చిన్న బీములతో గోడను వాటి మీదికి ఎక్కించాం. మూడడుగుల సందులో దూరే డ్రిల్ దొరకడానికే వారం పట్టింది. నీళ్ళు కొట్టి డ్రిల్ చేయడం సులువు, కానీ ఇన్ని తంటాలు పడ్డాక ఆ పూడికలోకి మళ్ళీ నీళ్ళు వదలడం నాకు ఇష్టం లేదు. కేసింగ్ దింపుతూ పొడిగా చేయించాం, రెండింతల టైమ్ పట్టింది. ఆ మూడు వారాలు హోటల్ భోజనం పంపిస్తామని బిల్డర్ అంటే ఆ అమ్మ ఒప్పుకోలేదు. ముందు వరండాలో గట్టు కట్టించి, గ్యాస్ కనెక్షన్ ఇప్పించి, కుళాయి పెట్టించాక కదిలారు.

పగిలిన గోడకు వెంటనే ప్లాస్టర్ చేయించేసి ఫోటో తీసుకుందామని సైటులో అందరి తొందర. నేను పడనివ్వలేదు. బీట కప్పేస్తే అది ఆగిందో లేదో చెప్పే సాక్షి పోతుంది. కొత్త గాజులు అతికించి, ఒక వర్షాకాలం గడిచాక చేస్తామని రాసిచ్చాం. పెద్దాయన దగ్గర ఆ కాగితానికి వచ్చిన విలువ ఏ రీడింగుకూ రాలేదు.

ఒక నిర్ణయం మీద ఇప్పటికీ నాకు రెండు ఆలోచనలున్నాయి. మూడో సెల్లారులో పడమటి అంచున నాలుగున్నర మీటర్ల పట్టీ తవ్వకుండా వదిలేద్దామన్నాను. రాయి అలాగే ఉంటే పైల్స్ పాదాలకు అదే దన్ను. కార్లు నిలిపే చోటు తగ్గుతుందని బిల్డర్ గింజుకున్నాడు. చివరికి మిగతా చోట వరసలు మార్చి ఒప్పుకున్నాడు. ఆ పట్టీ వదలకపోయినా గోడ నిలిచేదేమో. లెక్కలు నిలుస్తాయనే అన్నాయి. కానీ ఆ లెక్కలు చేసిన చెయ్యే వీప్ హోల్స్ వెనక జల్లెడ అక్కర్లేదని రాసింది.

ఇంకో మార్పు, పనుల వరస. మామూలుగా సెల్లారు అంతా తవ్వాక రాఫ్ట్, అంటే అడుగున పరిచే పలక పునాది, మొదలుపెడతాం. ఇక్కడ పడమటి భాగం ముందు తవ్వి, ముందు రాఫ్ట్ పోసి, గోడ లేపి, గోడకూ పైల్స్‌కూ మధ్య సందు పల్చటి కాంక్రీట్‌తో నింపేశాం. అప్పటికి తూర్పున ఇంకా బ్రేకర్ మోగుతూనే ఉంది. పైల్స్ గోడ తాత్కాలికం. ఎన్ని రోజులు దాని మీద ఆధారపడితే అన్ని రోజులు రిస్క్. వానలు మళ్ళీ వచ్చేలోపు పడమట గ్రౌండు స్లాబు పడాలన్నది ఒక్కటే లక్ష్యంగా పెట్టుకున్నాం, పడింది.

గ్రౌండు దాటాక కథ మామూలే. అల్యూమినియం ఫార్మ్‌వర్క్‌తో స్లాబుకు ఎనిమిది రోజులు. కాంక్రీట్ మిక్సర్లు పగలు సిటీలోకి రావు కాబట్టి రాత్రి పోత, మోత గురించి ఒకటి రెండు ఫిర్యాదులు. కాంక్రీట్ బలం చూసే 28 రోజుల క్యూబ్ టెస్టుల్లో ఒక్కటి మాత్రం తక్కువొచ్చి, పోసిన కాంక్రీట్ నుంచే ముక్క (కోర్) తీయించాం, అది బాగానే ఉంది.

తర్వాత మార్చుకున్నవి

ఇప్పుడు ఏ సైటు ఒప్పుకున్నా నేల రిపోర్టుకన్నా ముందు లింక్ డాక్యుమెంట్లు అడుగుతున్నాను. హద్దుల పేరాలో బావి, కుంట, నాలా, మోరీ, ఈ నాలుగు మాటలు వెతుకుతాను. పాత పేటలైతే 1908 వరద తర్వాతి సంవత్సరాల్లో లెనార్డ్ మన్ ఆధ్వర్యంలో తయారైన సర్వే పటాలు కూడా తెప్పించుకుని చూస్తాను. పక్క ఇళ్ళలో వంటిల్లు, బాత్రూమ్ ఫోటో లేనిదే తవ్వకం డ్రాయింగ్ ఇవ్వను. మడి అంటే మడి అయ్యాక మళ్ళీ వెళ్ళాలి. పోసిన మట్టి కాస్తయినా ఉందనిపించిన చోట వీప్ హోల్‌కు జల్లెడ తప్పదు, దాని ఖర్చు ఆ అరవై బస్తాల కన్నా తక్కువే. బకెట్ పరీక్షకు ఖర్చే లేదు.

వర్షాకాలం గడిచింది, రెండో విడత గాజులు పగల్లేదు, వంటింటికి ప్లాస్టర్, రంగు అయ్యాయి. ఫ్లాట్ల రిజిస్ట్రేషన్లప్పుడు లాయర్ ఆఫీసులో అదే గుమాస్తా కనిపించాడు. స్థలంలో అవిభాజ్య వాటా ఒక్కో ఫ్లాట్‌కు ఇన్ని గజాలని రాస్తున్నాడు. 'సార్, మీ బావి ఇంకా కాగితంలోనే ఉన్నది' అన్నాడు. ఆ సగం హక్కును ఎవరూ రద్దు చేయించలేదట. యాభై రెండు ఫ్లాట్ల వాళ్ళకూ ఆ లెక్కన ఆ బావిలో తలా కాస్త వాటా ఉంది.